బూ కూరా కోలబంతి

మొన్న బక్రీదు మరునాడు మా పక్కింట్లో గొర్రె కొవ్వు కరిగిస్తున్నారు. పొద్దున పది గంటల వేళ ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. మా అమ్మాయి ముక్కు మూసుకుని కిటికీ వేసేసింది. నేను లేచి మళ్ళీ తీశాను. "నీకేమైనా పిచ్చా అమ్మా?" అంది. ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు పండుగ గుర్తుకు రాదు, వంటా గుర్తుకు రాదు. ఎర్రటి తోలుబంతిని ఒళ్ళో పెట్టుకుని, పాత బనీను గుడ్డతో కొవ్వు అద్ది, చంటిపిల్లకు నూనె రాసినట్టు మెల్లగా రుద్దే ఒక ముసలాయన చేతులు గుర్తుకొస్తాయి. ఆ చేతుల్లో రెండు వేళ్ళు వంకర. ఒకటి బంతిని పట్టుకోబోయి విరిగిందని, రెండోది బంతి పట్టుకున్నవాణ్ణి పట్టుకోబోయి విరిగిందని ఆయన చెప్పేవారు.

ఆయన పేరు హారీ. ఆస్ట్రేలియా మనిషి. కువైత్‌లో నేను పనికి కుదిరిన ఇంట్లో అందరూ ఆయన్ను 'బూ కూరా' అని పిలిచేవారు. కొత్తలో నేను, ఈయనకు కూర అంటే ప్రాణమేమో అనుకుని మూడు రోజులపాటు ఆయన పళ్ళెంలో రెట్టింపు కూర వడ్డించాను. పాపం, ఆయన ఒక్క మాట అనకుండా తిన్నారు. నాలుగో రోజు గరిటె మళ్ళీ ముంచుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టి, "రత్నా, నేనేం తప్పు చేశాను?" అన్నారు. సంగతి బయటపడ్డాక ఆ ఇంటి పెద్దావిడ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అరబీలో కూరా అంటే బంతి అట. బూ అంటే తండ్రి. బంతికి తండ్రి అన్నమాట.

ఆ పెద్దావిడను అందరమూ యుమ్మా అనేవాళ్ళం, అమ్మా అన్నట్టే. ఆవిడ భర్త పడుచు వయసులో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. తర్వాత చమురు బావుల్లో పనికి కుదిరితే, అక్కడ పైపులు అతికే పని నేర్పింది హారీ. ఇద్దరికీ స్నేహం కుదిరింది. భర్త వ్యాపారం పెట్టి బాగుపడ్డాక, హారీకి పనినుంచి విరమణ వచ్చినప్పుడు, "నీకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, అక్కడికి పోయి ఎవరి మొహం చూస్తావు?" అని తన ఇంటి పెరట్లోనే ఒక గది కట్టించి ఇచ్చాడు. భర్త పోయినా ఆ గది హారీదే. నేను వెళ్ళేనాటికి హారీకి డెబ్బై దాటాయి. పొట్టి మనిషి. నాకంటే రెండు వేళ్ళు ఎత్తుంటారేమో. కుడి మోకాలు సరిగా వంగదు. అయినా పెరట్లో పావురాలను తోలాలంటే కర్ర తీసుకోరు, కోలగా ఉండే ఆ బంతిని తన్నేవారు. బంతి పావురానికి తగలదు గాని, దాని పక్క ఇటుకకు సరిగ్గా తగిలేది.

మేమంతా మాట్లాడుకున్నది అరబీలోనే. ఇంటివాళ్ళది చక్కటి అరబీ, హారీది నలభై ఏళ్ళుగా మరమ్మతు లేని అరబీ, నాది ఆరు నెలల అరబీ. అందులో మీరు, నువ్వు అనే తేడా లేదు గనక, ఆయన్ను నువ్వు అనే అనేదాన్ని. ఇప్పుడు తెలుగులో రాస్తుంటే చెయ్యి ఒప్పుకోవడం లేదు. మీరు అనే రాస్తున్నాను.

మాది కడప దగ్గర బండలు తీసే ఊరు. మా ఆయన ఓబులేసు నాపరాళ్ళ క్వారీలో పనిచేస్తూ చెయ్యి నలగ్గొట్టుకుంటే, ఆరేళ్ళ కూతుర్ని ఆయన దగ్గర వదిలి నేను విమానం ఎక్కాను. వచ్చి సరిగ్గా ఆరు నెలలకు, 1990 ఆగస్టు నెల మొదట్లో ఒక తెల్లవారుజామున, ఆకాశంలో ఏదో చిరిగినట్టు చప్పుళ్ళు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, యుమ్మా కొడుకు, మేం బాబా అనేవాళ్ళం, పిల్లలిద్దరినీ తీసుకుని సెలవులకని కైరో వెళ్ళి ఉన్నాడు. ఆయన భార్య, నేను మామా అని పిలిచే ఆవిడ, మరో వారంలో వాళ్ళ దగ్గరికి వెళ్ళవలసింది. పెట్టె సర్ది సిద్ధంగా పెట్టుకుంది. ఆ పెట్టె అలాగే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది మామా, యుమ్మా, నేను, హారీ.

వారం తిరిగేసరికి రేడియోలో మాట మారింది. తెల్లవాళ్ళందర్నీ అప్పగించాలి, దాచినవాళ్ళకు ఉరి. మామా ఆ మాట విని రేడియో కట్టేసింది. హారీ లేచి, "నేనే వెళ్ళి వాళ్ళకు కనబడతాను. మీ ఇంటిమీదికి తెచ్చుకోవడం దేనికి?" అన్నారు.

యుమ్మా జపమాల తిప్పడం ఆపలేదు. "కూర్చో," అంది. "నా మొగుడు బతికుంటే నిన్ను పంపేవాడా? ఆయన లేడు కదా అని నేను పంపితే, రేపు పైకి పోయాక ఆయనకు నేనేం చెప్పుకోను? కూర్చుని టీ తాగు."

ఆయన కూర్చున్నారు. ఆ రోజే ఆయన బట్టలు, మంచం మేడమీద సామాన్ల గదికి మార్చేశాం. చలికాలంలో పరిచే ఉన్ని తివాచీలు ఎండాకాలం చుట్టలు చుట్టి ఆ గదిలో పెట్టేవాళ్ళు. ఎవరైనా వస్తే ఆయన ఆ చుట్టల వెనక పడుకోవాలి. పెరటి గదిలో నా చీరలు తగిలించి, అది నా గది అనిపించేలా చేశాం.

మొదటి పది రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మామా పిల్లల చొక్కాలు తీసి మడతపెట్టడం, మళ్ళీ విప్పి మడతపెట్టడం. యుమ్మా అన్నం ముట్టడం మానేసింది. నేను వంటింట్లో కూర్చుని, మా ఊళ్ళో నా గురించి ఏమనుకుంటున్నారో అని ఏడ్చేదాన్ని. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఒకరోజు సాయంకాలం అసర్ నమాజు అయ్యాక హారీ మేడ దిగి వచ్చి, చేతులు చరిచి, "యల్లా! అందరూ పెరట్లోకి!" అని అరిచారు. మా పెరటి గోడలు రెండు నిలువుల ఎత్తు. పక్కిల్లు ఖాళీ. బయటివాళ్ళకు ఏమీ కనబడదు. బట్టలు ఆరేసుకునే ఇనప స్తంభాలు రెండింటిని చూపించి, "ఇవి గోల్ స్తంభాలు," అన్నారు.

"ఎవరాడతారు?" అంది మామా.

"మీరే."

మామా అంత దుఃఖంలోనూ ఆయనకు పిచ్చి పట్టిందా అన్నట్టు చూసింది. కాని ఆయన బంతి ఆమె చేతికి ఇచ్చేశారు. ఆమె తన్నింది. బంతి కింద పడింది, చెప్పు మాత్రం ఎగిరి మేడమీద పడింది. మొదట నవ్వింది యుమ్మా. ఆ రాత్రి ఆవిడ అన్నం తింది.

అలా ప్రతిరోజూ అసర్ తర్వాత ఆట. వాళ్ళ దేశంలో ఫుట్‌బాల్ అంటే ఇదేనట. ఆ ఆట గురించి ఆయన చెప్పే ఏ మాటా నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. మైదానం కూడా కోలగానే ఉంటుందట. లోపలి రెండు స్తంభాల మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు. కాస్త పక్కగా పోయినా, స్తంభానికి తగిలినా ఒక పాయింటు.

"తప్పిపోయినా పాయింటు ఇస్తారా?" అని అడిగాను.

"దగ్గరగా తప్పితే ఇస్తారు."

"మా ఊళ్ళో తప్పితే తిడతారు."

"మా ఊళ్ళోనూ తిడతారు. తిడుతూ ఇస్తారు."

అక్కడ తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు స్తంభాల వెనక నిలబడి, గోల్ అయితే రెండు జెండాలు, ఒక పాయింటు అయితే ఒక జెండా ఊపుతాడని చెప్పారు. ఆ ఉద్యోగం యుమ్మాకు ఇచ్చాం. ఆవిడ కుర్చీలో కూర్చుని వంటింటి తువ్వాళ్ళు రెండు ఒళ్ళో పెట్టుకునేది. నాకు తరచూ ఒక తువ్వాలే లేచేది.

నాకు ఆయన నేర్పింది ఒకటే తన్ను. దానికే నెల రోజులు పట్టింది. బంతిని రెండు చేతులా నిలువుగా పట్టుకోవాలి. కుట్లు అవతలి వైపు ఉండాలి. ఒక చేత్తో దాన్ని పాదం మీదికి దించాలి, పడేయకూడదు. "నిద్రపోయే పిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు దించు. బలం కాలిలో లేదు, దించడంలో ఉంది," అనేవారు. తన్నేటప్పుడు స్తంభాల వంక చూడకూడదు, ఎదుటి మనిషి వంక అసలే చూడకూడదు. బంతినే చూడాలి. గౌను అంచు నడుములో దోపుకుని, నేను రోజుకు యాభైసార్లు తన్నేదాన్ని. మొదట అది నా మోకాటికి, ముక్కుకు, ఒకసారి అన్నం గిన్నెకూ తగిలింది.

ఆట అయ్యాక టీ తాగుతూ తన కథ చెప్పేవారు. గోధుమలు పండే ఊళ్ళో పుట్టారు. గోనెసంచి ముక్కలో గొర్రెబొచ్చు కుక్కి కుట్టిన బంతితో నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పట్నం నుంచి ఒక క్లబ్బు మనిషి వచ్చి, ఈ పొట్టి కుర్రాడి పరుగు చూసి, మెల్‌బోర్న్ రమ్మన్నాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ళకు ఆటతో కడుపు నిండేది కాదు. తెల్లవారుజామున బ్రెడ్డు కాల్చే చోట పని, సాయంత్రం సాధన, శనివారం ఆట. మొదటి ఆటలో ఆయన ఎదుట నిలబడ్డవాడు ఖర్జూరపు చెట్టంత ఉన్నాడట. "ఇంటికి పోయి మీ అన్నను పంపించు," అన్నాడట. విజిల్ ఊదగానే ఆ చెట్టు కాళ్ళ మధ్య నుంచే దూరి బంతి తీసుకుని పోయానని హారీ చెప్పేవారు. పొడుగువాళ్ళు పైకెగిరి బంతికోసం కొట్టుకుంటుంటే, కింద అది ఎక్కడ పడుతుందో పసిగట్టి అందుకుని పరిగెత్తే పని పొట్టివాళ్ళదట. ఆయన చేసింది అదే.

మూడు సీజన్లు ఆడారు. మూడో ఏడు, గెలిస్తే ఆఖరి ఆటకు వెళ్ళే మ్యాచ్. వాన. నేలంతా బురద. ఆట ముగిసే గంట కొట్టేముందు బంతి ఆయన చేతికి చిక్కింది. అలా చిక్కితే గంట కొట్టినా ఒక్క తన్ను తన్ననిస్తారట. గోల్ అయితే గెలుపు. జనమంతా లేచి నిలబడ్డారు.

"ఎంత దూరం నుంచి?" అని అడిగాను మొదటిసారి.

"యాభై అడుగులు," అన్నారు. మరో వారానికి అది డెబ్బై అయింది. సెప్టెంబరు వచ్చేసరికి నూరు దాటింది.

"నా పెళ్ళయిన కొత్తలో ముప్పై అడుగులని చెప్పాడు," అంది యుమ్మా, జపమాల మీంచి చూపు తిప్పకుండా. "నలభై ఏళ్ళుగా ఆ బంతి వెనక్కి నడుస్తూనే ఉంది. అసలు ఈయన ఆడాడో లేదో కూడా అల్లాకే తెలియాలి."

ఆ తన్ను స్తంభానికి తగిలింది. ఒక్క జెండా. ఓడిపోయారు. తర్వాత యుద్ధానికి వెళ్ళారు, ఎడారిలో మోకాట్లో ఇనపముక్క దిగింది. తిరిగొచ్చి ఒక్క ఆట ఆడితే మోకాలు మడత పడిపోయింది. "అంతటితో ఖలాస్," అని నవ్వేవారు. ఆ నవ్వులో నేను ఎంత వెతికినా బాధ దొరికేది కాదు. ఒకసారి అడిగాను, "ఆ స్తంభానికి తగిలినందుకు మీకు ఏడుపు రాలేదా?" అని. "వచ్చింది. సోమవారం దాకా ఏడ్చాను. మంగళవారం సాధన ఉంది కదా," అన్నారు.

ఇంట్లో బయటికి వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే. ఇండియావాళ్ళను సైనికులు పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. రోజూ పొద్దున రొట్టెల కొట్టు ముందు రెండు గంటలు వరసలో నిలబడేదాన్ని. అక్కడ తందూరు దగ్గర పనిచేసేది మా రాయచోటి ఖాదర్. నన్ను అక్కా అనేవాడు.

"అక్కా, మీ ఇంట్లో ఇద్దురు ఆడోళ్ళు, నువ్వు. దినామూ ఆరు రొట్టెలు ఏం జేస్తాండారు?" అన్నాడొకరోజు.

"ముసలామె బాగా తింటాదిలే," అన్నాను.

వాడు నా మొహంలోకి ఒకసారి చూసి, ఏడో రొట్టె కూడా పొట్లంలో పెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సెప్టెంబరు నెల సగం గడిచాక వచ్చింది ఆ రోజు. పొద్దున హారీ బంతికి కొవ్వు రాసి నాకిచ్చి, కాసేపు ఎండ తగలనివ్వమన్నారు. దాన్ని పెరటి గది కిటికీ గట్టుమీద పెట్టి మరిచిపోయాను. తప్పు నాదే. మధ్యాహ్నం మూడు గంటలకు గేటు మీద తుపాకి మడమతో కొట్టిన చప్పుడు. హారీ మేడమీదే ఉన్నారు. తివాచీల వెనక్కి పోవడానికి ఆయనకు అంత సమయం చాలు. కాని బంతి కిటికీలో ఉంది.

ముగ్గురు వచ్చారు. ఒకడు మీసాల పెద్దమనిషి, సార్జెంటు. మిగతా ఇద్దరు పాతికేళ్ళ లోపువాళ్ళు. కింది గదులన్నీ వెతికారు. ఒకడు మేడమెట్ల వైపు పోయాడు. సార్జెంటు పెరట్లోకి వచ్చి, నా చీరలున్న గది చూసి, తిరిగి వస్తూ కిటికీ దగ్గర ఆగాడు. బంతి చేతిలోకి తీసుకున్నాడు. తోలు మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చుపడి ఉన్నాయి.

"ఇదెవరిది?" అన్నాడు. "ఈ ఇంట్లో ఇంగ్లీషువాడు ఎవడున్నాడు?"

మామా వెళ్ళి యుమ్మా కుర్చీ పట్టుకుంది. యుమ్మా ఆటకోసం తెచ్చుకున్న తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాయిలా కూర్చుంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాది," అన్నాను.

"నీదా?"

"మా ఊరి ఆట."

"ఇండియావాళ్ళు క్రికెట్ ఆడతారు. నాకు తెలుసు."

"అది పట్నాల్లో. మాది కడప."

అతను కళ్ళు చిట్లించాడు. "కదబ?" అన్నాడు.

"అవును, కదబ," అని గట్టిగా తలూపాను. అరబ్బుల నోట 'ప' పలకదు, 'బ' అవుతుంది గదా అని నేనూ అలాగే అన్నాను. మామాకు ఒక్కసారిగా దగ్గు వచ్చింది. అరబీలో ఆ మాటకు 'అబద్ధమాడాడు' అని అర్థమని, సైనికుడు "అబద్ధమా?" అన్నట్టు అడిగితే నేను "అవును, అబద్ధమే" అని ఒట్టేసినట్టు చెప్పానని నాకు అప్పుడు తెలియదు.

సార్జెంటు నన్ను ఎగాదిగా చూసి, బంతిని నా మీదికి విసిరాడు. "ఆడి చూపించు."

గౌను అంచు తీసి నడుములో దోపుకున్నాను. ఆరేసిన బట్టల మధ్య నుంచి స్తంభాలు కనబడుతున్నాయి, తుపాకీ కనబడుతోంది, మేడమెట్లు ఎక్కుతున్న వాడి బూట్లు కనబడుతున్నాయి. అప్పుడు ఆయన మాట గుర్తొచ్చి అన్నిటిమీంచి చూపు తీసేశాను. కుట్లు అవతలి వైపు తిప్పాను. రెండడుగులు వేసి, నా కూతుర్ని మంచం మీద దించినట్టు బంతిని దించి తన్నాను.

అంత చక్కటి చప్పుడు అంతకుముందెప్పుడూ నా పాదం నుంచి రాలేదు. బంతి గిరగిరా తిరుగుతూ దండెం మీదుగా స్తంభాల మధ్య నుంచి పోయి, అవతలి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. పక్కనున్న సైనికుడు పట్టుకోవడానికి వంగాడు. కోలబంతి గదా, కుడికి వస్తుందనుకుంటే ఎడమకు గెంతింది. అతను ఎడమకు తిరిగితే వెనక్కి గెంతింది. మూడోసారి దానిమీద పడబోయి, తడి దుప్పట్లో చుట్టుకుని దండెంతో సహా కింద పడ్డాడు.

సార్జెంటుకు నవ్వు ఆగలేదు. అతని నవ్వు విని, మెట్లు సగం ఎక్కినవాడు "ఏమైంది?" అంటూ కిందికి దిగి వచ్చాడు. ఆ తర్వాత పది నిమిషాలు వాళ్ళు పిల్లలైపోయారు. తుపాకులు గోడకు ఆనించి, ఆ బంతి వెంట పెరడంతా పరిగెత్తారు. ఒకడు తన్నితే అది స్తంభాల మధ్య నుంచి పోయింది. వెంటనే యుమ్మా అలవాటు కొద్దీ రెండు తువ్వాళ్ళూ పైకెత్తింది.

"ఈ ముసలమ్మకు కూడా వచ్చా ఈ ఆట?" అన్నాడు సార్జెంటు.

"నేనే నేర్పాను," అన్నాను.

వెళ్ళేటప్పుడు కుర్రసైనికుడు బంతిని తుడిచి నా చేతికి ఇచ్చాడు. "ఇరాక్‌లో మాది అమారా ఊరు. మా తమ్ముడు చూస్తే దీన్ని వదలడు," అన్నాడు. మేడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ కుర్రాడు తర్వాత యుద్ధంలో బతికాడో లేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. బతికే ఉంటాడనే అనుకుంటాను.

గేటు గడియ వేసి, నేను మెట్ల మీద కూలబడ్డాను. హారీ దిగి వచ్చారు. తల నిండా ఉన్ని నూగు. నా ఎదుట నిలబడి, "గోల్ కదా?" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"చప్పుడు విన్నాను. చాలా బాగా తగిలింది." నా చేతిలోని బంతి తీసుకుని, "కాని ఎడమ చెయ్యి కొంచెం ముందే వదిలేశావు," అన్నారు. అప్పుడు చూశాను, ఆయన కళ్ళనిండా నీళ్ళు. మామా నన్ను పట్టుకుని, ఏడుస్తూ, నవ్వుతూ, 'కదబ' అర్థం చెప్పింది. ఆ సాయంత్రం మా ఊరి పేరు ఆ ఇంట్లో కనీసం ఇరవైసార్లు వినిపించింది.

ఆ నెలాఖరులో ఖాదర్ రొట్టెలు కడుతూ చెప్పాడు. "అక్కా, మంగఫ్‌లో మనోళ్ళంతా పేర్లు రాయిచ్చుకుంటాండారు. బస్రా, బాగ్దాద్ మీద జోర్డాన్‌కు బస్సులంట. ఆణ్ణుంచి బొంబాయికి ఇమానం. నీ పేరు నేను రాయిచ్చినా. మంగళారం పొద్దన్నే పోవల్ల."

"నేను పోతే వీళ్ళకు రొట్టెలెవరు తెస్తారప్పా?"

"నేను తెచ్చిస్తా. ఈ తందూరు ఆరిపోతే ఈ ఈది ఏం తింటాది? నేను ఈన్నే ఉంటా."

నాకిక దాచాలనిపించలేదు. "ఖాదరూ, ఇంట్లో ఒక పెద్దాయన ఉండాడు," అన్నాను.

"తెల్సులేక్కా. ముసలామె ఆరు రొట్టెలు తింటాదంటే నమ్మేదానికి నేనేమన్నా ఎర్రోణ్ణా?"

ఇంటికి వచ్చి నేను వెళ్ళనన్నాను. మామా బీరువాలోంచి నా పాస్‌పోర్టు తీసి నా ఒళ్ళో పెట్టింది. "నీ కూతురి దగ్గరికి పో రత్నా. నా పిల్లల దగ్గరికి నేను పోలేను. నువ్వైనా పో," అంది. అయినా నేను కదల్లేదు. పిరికిదానిలా వదిలేసి పోతున్నట్టనిపించింది. హారీ నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"మా ఆటలో ఒక తప్పు ఉంది, నీకు చెప్పలేదు," అన్నారు. "బంతి చేతికొచ్చాక ఎదుటివాడు వచ్చి పట్టుకున్నా వదలకుండా కౌగిలించుకుని కూర్చుంటే విజిల్ ఊదుతారు. బంతి వాళ్ళకు పోతుంది. మావాళ్ళలో చాలామంది ధైర్యవంతులు అలాగే ఓడించారు మమ్మల్ని. నీ పని నువ్వు చేశావు. ఇప్పుడు బంతి ఖాదర్‌కి ఇవ్వు."

మంగళవారం పొద్దున ఆయన గేటు దాకా రాకూడదు గనక వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఊపి, "వచ్చే శనివారం," అన్నారు. అర్థం కాక చూశాను. గెలిచినా, ఓడినా, ముక్కు పగిలినా, మైదానం నుంచి వెళ్ళేటప్పుడు ఆటగాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట అదొక్కటేనట. పోయొస్తానని ఎవరూ అనరట. "వచ్చే శనివారం," అన్నాను నేను కూడా.

ఎడారి దారిన బస్సు, జోర్డాన్‌లో గుడారాలు, బొంబాయి, అక్కడి నుంచి రైలు. ఊరు చేరేసరికి నేను చచ్చిపోయానని సగం మంది నమ్మేసి ఉన్నారు. మా అమ్మాయి నన్ను ముట్టుకుని చూసి మరీ దగ్గరికి వచ్చింది. కువైత్ విడుదలయ్యాక ఏడాదికి బాబా వీసా పంపితే, మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాను. పిల్లలు ఇంటికి వచ్చేశారు. ఖాదర్ తన తందూరు దగ్గరే ఉన్నాడు. హారీ లేరు. డిసెంబరులో విదేశీయులను వెళ్ళనిస్తామన్నప్పుడు, మిగతా తెల్లవాళ్ళతో కలిసి బాగ్దాద్ మీదుగా వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఒక్క సంచి మాత్రమే తీసుకోవచ్చంటే, బట్టలు వదిలేసి బంతి పెట్టుకున్నారట.

నేను వెళ్ళిన కొద్ది నెలలకు ఆయన దగ్గర నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. మేనకోడలు ఆయన్ను పాత క్లబ్బు ఆటకు తీసుకుపోయిందట. జనం మధ్య కూర్చుని, టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని, అదే విరిగిన అరబీలో మాతో మాట్లాడారు. మధ్యలో ఒక్కసారిగా వేలమంది అరుపు. ఆ అరుపు మీద ఎవరో మైకులో ఏదో చదివారు. మామా పెద్ద కొడుక్కి ఇంగ్లీషు వచ్చు, వాడు చెప్పాడు. ఫలానా ఏళ్ళలో ఈ క్లబ్బుకు ఆడిన హారీ ఇవాళ మన మధ్య ఉన్నారని చెబుతున్నారట. యుమ్మా ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించి విన్నది. "నిజంగానే ఆడాడు!" అంది, ఎవరో తనను మోసం చేసినట్టు. "నలభై ఏళ్ళు అబద్ధాలనుకుని ఎంత హాయిగా విన్నాను!" క్యాసెట్ చివర ఆయన గొంతు దగ్గరగా వచ్చి, "యుమ్మా, రత్నా, మామా, వచ్చే శనివారం," అంది.

రెండేళ్ళకు ఆయన పోయారని ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత చాలా కాలానికి యుమ్మా మంచాన పడింది. ఆఖరి రోజుల్లో నేను ఆవిడ పాదాలు పిసుకుతుంటే, ఆవిడే నా వంక చూసి ఆ మాట అంది. నేను కూడా అన్నాను. ఆవిడ మొహం మీద భయం లేదు.

ఆ ఇంట్లో ఇంకా చాలా ఏళ్ళు పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక తిరిగి వచ్చేశాను. ఎయిర్‌పోర్టులో మామా నన్ను పట్టుకుని వదల్లేదు. "వచ్చే శనివారం," అన్నాను. ఆమె ముక్కు తుడుచుకుని, "ఎన్ని గంటలకు?" అంది. ఇద్దరం అక్కడే పడి పడి నవ్వుతుంటే, పెట్టెలు తోసుకుపోయేవాళ్ళు ఆగి చూశారు.

ఇప్పటికీ మా గుమ్మం దిగి వెళ్ళే ఎవరితోనైనా నేను ఆ మాటే అంటాను. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో, దుబాయి పోయే పిల్లలతో, ఆస్పత్రికి తీసుకుపోతున్న మనుషులతో కూడా. మా అమ్మాయి విసుక్కుంటుంది. కొందరు దాన్ని నిజమనుకుని శనివారం నాడు వచ్చేస్తారు కూడా. ఎందుకు రమ్మన్నారో తెలియక, గుమ్మంలో నిలబడి నావంక చూస్తారు. లోపలికి రమ్మని, కుర్చీ వేసి, టీకి నీళ్ళు పెడతాను.